వంద గజాల చుట్టుపక్కల వెడ్జ్, షార్ట్ ఐరన్ షాట్లు నిలకడగా రావడం లేదు: ఎక్కడ దిద్దుకోవాలి?

మూడోషాట్:

మిత్రులందరికీ నమస్కారం.

నేను నాలుగేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, ప్రస్తుతం నా హ్యాండిక్యాప్ (పార్ కన్నా సుమారుగా ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే అంకె) 19. డ్రైవర్‌తో కొట్టిన బంతి పెద్ద దూరం పోకపోయినా చాలావరకు ఫెయిర్‌వేలోనే (కురచగా కత్తిరించిన ఆట దారిలోనే) ఉంటుంది, పుట్టింగ్ కూడా నలుగురిలో తలవంపులు తెచ్చేంతగా లేదు. నా స్కోరు కార్డును పాడుచేస్తున్నది ఈ రెండింటి నడుమ ఉన్న భాగం. గ్రీన్‌కు (జెండా, రంధ్రం ఉండే నున్నటి పచ్చికకు) నూట ముప్పై గజాల లోపలికి వచ్చాక, అంటే 8వ నంబరు ఐరన్ మొదలుకొని శాండ్ వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే, ముఖం బాగా వాలి ఉన్న క్లబ్) వరకు ఏ క్లబ్ తీసినా, రాబోయే షాట్ ఎలా ఉంటుందో నాకే తెలియదు.

మొన్నటి ఆదివారం జరిగింది చెబితే నా ఇబ్బంది తేలికగా అర్థమవుతుంది. పార్ 5 (ఐదు దెబ్బల్లో ముగించవలసిన) హోల్‌లో వరుసగా రెండు మంచి షాట్లు పడి, జెండాకు 85 గజాల దూరంలో, చదునైన ఫెయిర్‌వే మీద బంతి ఆగింది. శాండ్ వెడ్జ్ తీసుకుని బలంగా కొట్టాను. క్లబ్ బంతికి నాలుగు వేళ్ల వెనకే నేలలో దిగబడింది, అరచేయంత మట్టిపెళ్ల లేచింది, బంతి నలభై గజాలైనా పోలేదు. ఆ పెళ్లే బంతికన్నా ఉత్సాహంగా ఎగిరింది. మళ్లీ అలా కాకూడదని తరువాతి షాట్‌లో నేలను తాకకుండా కొట్టబోతే, క్లబ్ అంచు బంతి నడుముకు తగిలి, అది మోకాలెత్తున దూసుకుపోయి గ్రీన్ దాటి వెనక పొదల్లో పడింది. పెనాల్టీతో కలిపి, బర్డీ (పార్ కన్నా ఒక దెబ్బ తక్కువ) మీద ఆశ పెట్టుకున్న హోల్‌లో ఎనిమిది రాసుకున్నాను.

నా బ్యాగులో పిచింగ్ వెడ్జ్ ఐరన్ల సెట్టుతో పాటు వచ్చింది, దాని లాఫ్ట్ (ముఖపు వాలు) 44 డిగ్రీలు. దాని తరువాత ఉన్నది 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ ఒక్కటే. బాగా తగిలితే మొదటిది 115 గజాలు, రెండోది 80 గజాల దాకా పోతాయి. 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ కొంటే ఈ బాధ తీరుతుందా అన్నది నా మొదటి సందేహం. నాతో ఆడే ఒకరు బంతిని కుడి పాదం వైపు జరుపుకొని కొట్టమంటున్నారు, ఇంకొకరు వద్దంటున్నారు. వీడియోలు చూస్తే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. అనుభవం ఉన్నవారు అసలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

పాతబ్యాగు:

మూడోషాట్ గారూ, మీరు రాసిన రెండు షాట్లూ పైకి వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి కాని వాటి మూలం ఒక్కటే. మీ స్వింగ్ గీసే వలయంలో అట్టడుగు బిందువు బంతికి వెనక పడుతోంది. క్లబ్ ఆ బిందువుకు చేరేటప్పటికి నేలకు తగిలితే మట్టిపెళ్ల లేస్తుంది. అదృష్టవశాత్తు నేలను తప్పించుకుంటే, అప్పటికే పైకి లేవడం మొదలైన క్లబ్ అంచు బంతి మధ్యలో తగులుతుంది. కాబట్టి "ఈసారి పైనుంచి కొడదాం" అని సర్దుకున్నంత మాత్రాన ఒక తప్పు పోయి రెండోది వస్తుంది తప్ప షాట్ బాగుపడదు.

బాగా ఆడేవారి ఐరన్ షాట్‌లో ఆ అట్టడుగు బిందువు బంతికి మూడు నాలుగు అంగుళాల ముందు, అంటే లక్ష్యం వైపు, ఉంటుంది. క్లబ్ ఇంకా కిందికి దిగుతుండగానే బంతి తగులుతుంది, పచ్చిక ఆ తరువాత తెగుతుంది. వృత్తి ఆటగాళ్లు పిచింగ్ వెడ్జ్‌తో సుమారు 5 డిగ్రీల వాలులో కిందికి కొడతారనీ, ఆ దెబ్బకు బంతి నిమిషానికి 9,000 చుట్ల పైచిలుకు తిరుగుతుందనీ రాడార్ కొలతలు చూపుతున్నాయి. గ్రీన్ మీద బంతి చటుక్కున ఆగడానికి ఆ తిరుగుడే కారణం, చేతులతో చేసే మాయ ఏమీ లేదు.

మరి మనకు వెనక ఎందుకు పడుతుందంటే, బంతిని మనమే పైకి లేపాలన్న తాపత్రయం వల్ల. వెడ్జ్ చేతిలోకి రాగానే ఈ కోరిక మరీ పెరుగుతుంది. బంతి కింద క్లబ్‌ను దూర్చి గరిటెతో తోడినట్లు లేపబోతాము. శరీరపు బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది, బంతిని చేరకముందే మణికట్లు విడిపోయి క్లబ్ తల చేతులను దాటి ముందుకు పోతుంది. అట్టడుగు బిందువు బరువుతో పాటే వెనక్కి జరుగుతుంది. 44 డిగ్రీలో 56 డిగ్రీలో వాలు ఉన్న ఇనుపముక్క బంతికి తగిలితే అది లేవక ఏమవుతుంది? లేపే పని క్లబ్‌ది, మనం కిందికి కొడితే చాలు.

అభ్యాసం చెబుతాను. ప్రాక్టీస్ చేసుకోనిచ్చే పచ్చిక మీద పౌడరుతోనో సున్నంతోనో ఒక అడ్డగీత గీయండి. గీత మీ రెండు పాదాల నడుమకు వచ్చేలా నిలబడి, బంతి లేకుండా, నడుము ఎత్తు వరకే క్లబ్ తీసి స్వింగ్ చేయండి. ఒక్కొక్కసారి అడుగున్నర పక్కకు జరుగుతూ ఇరవై సార్లు. తరువాత వంగి చూడండి. పచ్చిక తెగిన ప్రతి చోటా ఆ కోత గీత మీద గాని, గీతకు లక్ష్యం వైపు గాని మొదలు కావాలి. గీతకు ఇవతల మొదలైనవి ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి. ఈ లెక్క అబద్ధం చెప్పదు, ఎవరూ పక్కన నిలబడి దిద్దనక్కరలేదు. ఎక్కువ భాగం గీతకు అవతల పడేదాకా బంతి జోలికి పోవద్దని నా సలహా.

నిలుచునేటప్పుడే ముందు కాలి మీద నూటికి 55 నుంచి 60 వంతుల బరువు వేసి, స్వింగ్ ముగిసేదాకా దాన్ని వెనక్కి పోనివ్వకండి. పాదాల మధ్య దూరం డ్రైవర్‌కు ఉంచినదానికన్నా బాగా తగ్గించండి. షాట్ ముగిసేసరికి మీ ఛాతీ జెండాను చూస్తుండాలి. చాలామంది ఛాతీని బంతి దగ్గరే ఆపేసి చేతులను మాత్రం విసురుతారు, మణికట్లు విడిపోయేది అప్పుడే.

ఇంకొక మాట. మీరు మ్యాట్ మీద అభ్యాసం చేస్తుంటే దాన్ని నమ్మకండి. క్లబ్ రెండు అంగుళాల వెనక తగిలినా మ్యాట్ మీద జారి బంతికి తగులుతుంది, షాట్ బాగుందనిపిస్తుంది. అదే షాట్ మెత్తని ఫెయిర్‌వే మీద మీ ఆదివారం కథ అవుతుంది.

వంపుదారి:

నేను ఇంత లోతుగా ఆలోచించను. పదేళ్లుగా బంతిని కుడి పాదం బొటనవేలికి ఎదురుగా పెట్టుకుని, చేతులను ఎడమ తొడ దాకా ముందుకు నెట్టి వెడ్జ్ కొడుతున్నాను. బంతి వెనక్కి వస్తే అట్టడుగు బిందువు దానంతట అదే బంతికి ముందు పడుతుంది కదా. పాతబ్యాగు గారు చెప్పిన ఫలితమే, నెలల తరబడి గీతలు గీసుకోకుండా వస్తుంది. బంతి కాస్త తక్కువ ఎత్తులో పోతుంది, అయినా గాలిలో అది మేలే. నా హ్యాండిక్యాప్ 14. ఇది పని చేయదని ఎవరూ నాకు రుజువు చేయలేదు.

ఇసుకగుంట:

వంపుదారి గారి పద్ధతి ఆయనకు పని చేస్తుందనడంలో నాకు సందేహం లేదు, పదేళ్ల అలవాటు చిన్న విషయం కాదు. కాని 19 హ్యాండిక్యాప్ దగ్గర మట్టిపెళ్లలతో బాధపడుతున్నవారికి అదే మందు ఇవ్వడం నాకు సరిగా తోచడం లేదు. కారణం బౌన్స్.

శాండ్ వెడ్జ్‌ను తలకిందులు చేసి చూస్తే, దాని అడుగుభాగం ముందు అంచుకన్నా కిందికి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు కోణాన్నే బౌన్స్ అంటారు. నాలుగైదు డిగ్రీలు ఉంటే తక్కువ, పది దాటితే ఎక్కువ అని లెక్క. పదునైన అంచు నేలలో దిగబడకుండా, అడుగుభాగం పచ్చిక మీద జారిపోయేలా చేయడమే దాని పని. జీన్ శారజెన్ 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు వాడిన శాండ్ వెడ్జ్‌లో ఆయన తెచ్చిన మార్పు సరిగ్గా ఇదే: అడుగున లోహం చేర్చి, క్లబ్ ఇసుకను తవ్వుకుపోకుండా తేలేలా చేశాడు. తొంభై ఏళ్ల క్రితం కనిపెట్టిన ఈ సౌకర్యాన్ని మనం బంతి వెనక్కి జరుపుకొని పారేస్తున్నాము.

ఎలాగో లెక్క చూడండి. మూడోషాట్ గారి 56 డిగ్రీల వెడ్జ్‌కు 12 డిగ్రీల బౌన్స్ ఉందనుకుందాం. బంతిని వెనక్కి పెట్టి, చేతులను ముందుకు నెట్టి, షాఫ్ట్‌ను (క్లబ్ కాడను) 8 డిగ్రీలు లక్ష్యం వైపు వంచితే, ఆ క్షణంలో చేతిలో ఉన్నది 48 డిగ్రీల లాఫ్ట్, 4 డిగ్రీల బౌన్స్ ఉన్న క్లబ్. అంటే పిచింగ్ వెడ్జ్‌కు దగ్గరి వాలు, కత్తిలాంటి అంచు. బంతి శుభ్రంగా తగిలితే అది మంచి షాట్‌గానే పోతుంది. కాని అరంగుళం వెనక తగిలిందా, పార వేసినట్లు దిగబడుతుంది. షాఫ్ట్ వంపు తక్కువగా ఉంటే అదే అరంగుళం పొరపాటును బౌన్స్ క్షమిస్తుంది. దూరం ఐదారు గజాలు తగ్గుతుంది, అంతటితో పోతుంది. తప్పులు చేసేవాడికి క్షమించే క్లబ్ కావాలి కదా.

అందుకని వెడ్జ్‌లకూ, 9వ నంబరు ఐరన్‌కూ బంతిని పాదాల నడుమనే ఉంచండి, 8వ నంబరుకు నడుమ నుంచి ఒక అరబంతి ముందుకు. చేతులు బంతికి కొద్దిగా ముందు ఉంటే చాలు. నడుమ ఉందని మీరు అనుకున్నది నిజంగా నడుమేనా అన్నది ఒకసారి పరీక్షించుకోండి: ముందు పాదం వేళ్లను లక్ష్యం వైపు తిప్పి నిలబడితే, వేళ్ల మధ్య కొలత ఒకటి, మడమల మధ్య కొలత మరొకటి అవుతుంది. మడమల నడుమ చూసుకోండి. చాలామంది వేళ్లను చూసి కొలిచి, తెలియకుండానే బంతిని రెండు అంగుళాలు అటో ఇటో పెడుతుంటారు.

వంపుదారి గారి షాట్‌కు కూడా చోటు ఉంది. గట్టి నేల, ఎదురుగాలి, చెట్టు కొమ్మ కింద నుంచి పంపవలసిన బంతి, ఇవి ఉన్నప్పుడు నేనూ అలాగే కొడతాను. 60 డిగ్రీల వెడ్జ్ మాత్రం ఇప్పుడే వద్దు. దానితో నిండుగా స్వింగ్ చేసినప్పుడు బంతి క్లబ్ ముఖం పైభాగాన తగిలితే పైకి లేచి ఇరవై గజాల ముందే పడుతుంది, ఆ క్లబ్ నైపుణ్యం వచ్చాక వాడేది.

లెక్కలపుస్తకం:

సాంకేతిక విషయం పై ఇద్దరూ చక్కగా చెప్పారు కాబట్టి నేను దూరాల గురించి మాత్రమే రాస్తాను. నా ఉద్దేశంలో ఆదివారంనాటి ఎనిమిదిలో సగం పాపం స్వింగ్‌ది కాదు, బ్యాగుది.

మూడోషాట్ గారూ, మీ 85 గజాల షాట్ మీ బ్యాగులో లేదు. శాండ్ వెడ్జ్ బాగా తగిలితే 80 అన్నారు, పిచింగ్ వెడ్జ్ 115 అన్నారు. 85కు శాండ్ వెడ్జ్ తీసుకోవడమంటే మీ శక్తికి మించి కొట్టడమే, బలం పెంచినప్పుడు మొదట చెడేది పాతబ్యాగు గారు చెప్పిన ఆ అట్టడుగు బిందువే. ఈ రోజుల్లో సెట్లతో వచ్చే పిచింగ్ వెడ్జ్‌లు దూరం కోసం 44, 45 డిగ్రీలకు దిగిపోయాయి, శాండ్ వెడ్జ్ మాత్రం 54, 56 దగ్గరే ఉంది. నడుమ 12 డిగ్రీల ఖాళీ, మీ లెక్కలో 35 గజాలు. 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ ఒకటి తీసుకుంటే అది మీకు 95, 100 గజాల దగ్గర పడుతుంది. బ్యాగులో 14 క్లబ్‌లకు మించకూడదన్న నిబంధన ఉంది కనుక ఏదో ఒకటి తీసేయాలి. మీరు ఏడాదికి నాలుగుసార్లు కూడా సరిగా కొట్టని పొడవాటి ఐరన్ ఒకటి తప్పక ఉంటుంది, దాన్ని ఇంట్లో ఉంచండి.

ఆ తరువాత ప్రతి వెడ్జ్‌కూ మూడు దూరాలు కనుక్కోండి. ఎడమ చేయి గడియారపు ముల్లు అనుకుంటే, అది ఏడున్నర దగ్గర ఆగే స్వింగ్ ఒకటి, తొమ్మిది దగ్గర, అంటే నేలకు సమాంతరంగా ఆగేది ఒకటి, పదిన్నర దగ్గర ఆగేది ఒకటి. వేగం మూడింటికీ ఒకేలా ఉండాలి, మారేది వెనక్కి తీసే పొడవు మాత్రమే. బాగా వెనక్కి తీసి, మరీ ఎక్కువ పోతుందేమోనన్న భయంతో దిగేటప్పుడు నెమ్మదించడం మనలో అందరికీ ఉన్న జబ్బు. చిన్నగా తీసి, ఆగకుండా ముందుకు పోవడం దానికి విరుగుడు. ఒక్కో స్వింగ్‌కు పదేసి బంతులు కొట్టి, అన్నిటికన్నా మంచివి రెండు, చెడ్డవి రెండు తీసేసి మిగతా ఆరింటి సగటు రాసుకోండి. మూడు వెడ్జ్‌లకు తొమ్మిది దూరాలు వస్తాయి. నేను వాటిని చిన్న చీటీ మీద రాసి షాఫ్ట్‌కు అతికించుకున్నాను, మొదట్లో తోటి ఆటగాళ్లు నవ్వారు.

రాసుకునేది బంతి గాలిలో పోయి పడిన దూరం కావాలి, దొర్లి ఆగిన చోటు కాదు. గ్రీన్ ముందు బంకర్ (ఇసుక గుంట) ఉన్నప్పుడు దాన్ని దాటించేది గాలిలోని దూరమే. ఆటలో మీరు వాడే రకం బంతులతోనే కొలవండి, ఎందుకంటే రేంజ్‌లో అరిగిపోయిన గట్టి బంతులు వెడ్జ్‌తో తక్కువ తిరిగి వేరే ఎత్తులో పోతాయి. యురెథేన్ పొర ఉన్న బంతికీ, చవక రకపు గట్టి పొర బంతికీ డ్రైవర్‌తో పెద్ద తేడా కనిపించకపోవచ్చు కాని యాభై గజాల వెడ్జ్‌లో ఒకటి రెండు గెంతుల్లో ఆగుతుంది, మరొకటి దొర్లుతూ పోతుంది.

పచ్చిక సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. కురచ రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పెరిగే గడ్డిలో) 9వ నంబరు ఐరన్ కొట్టినప్పుడు బంతికీ ముఖానికీ నడుమ గడ్డి ఇరుక్కుంటే స్పిన్ (బంతి తిరుగుడు) తగ్గి, బంతి అనుకున్నదానికన్నా పది గజాలు ఎక్కువ పోయి గ్రీన్ మీద ఆగకుండా వెళ్లడం మామూలే. వెడ్జ్ గాడుల్లో ఎండిన మట్టి ఉన్నా స్పిన్ తగ్గుతుంది, కనుక ప్రతి షాట్ తరువాత తడిగుడ్డతో తుడిచి, కొట్టేముందు ముఖం పొడిగా ఉందో లేదో చూసుకోండి.

చివరగా, మీ ఆశను కొంచెం తగ్గించుకోమంటాను. వృత్తి ఆటగాళ్లే నూరు నుంచి నూట పాతిక గజాల నుంచి కొట్టిన బంతి సగటున జెండాకు సుమారు 20 అడుగుల దూరంలో ఆగుతుంది. 85 గజాల నుంచి మనం గ్రీన్ నడుమకు గురిపెట్టి, ఎటు పోయినా గ్రీన్ మీదే ఉండేలా చూసుకుంటే అది మంచి షాట్. బర్డీ లెక్క వేసుకుంటూ కొట్టిన వెడ్జ్ నేలలో దిగబడటం నేను చాలాసార్లు చూశాను, నాదీ అందులో ఉంది.

మూడోషాట్:

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. గీత అభ్యాసం మొదటి రోజు ఇరవైలో పదమూడు గీతకు ఇవతల మొదలయ్యాయి. అందులో నాలుగు జానెడు వెనక ఉన్నాయి. బంతి లేకుండా, నింపాదిగా కొట్టినా ఇంత వెనక పడుతోందని చూసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. వారానికి మూడుసార్లు చేశాను, నిన్నటి లెక్క ఇరవైలో ఆరు. బరువును ముందు కాలి మీద ఉంచడంకన్నా, ఛాతీ జెండాను చూసేలా ముగించాలన్న మాటే నాకు ఎక్కువ ఉపయోగపడింది. అది గుర్తుంటే మిగతావి వాటంతట అవే కుదురుతున్నాయి.

బంతిని వెనక్కి జరిపి కూడా ఒక రోజు కొట్టి చూశాను. వంపుదారి గారు చెప్పినట్లు శుభ్రంగా తగిలినవి చక్కగా పోయాయి, తగలనివి మణికట్టు అదిరేలా దిగబడ్డాయి. కనుక ప్రస్తుతానికి నడుమే ఉంచుతున్నాను. 60 డిగ్రీల ఆలోచన మానుకుని 50 డిగ్రీల వెడ్జ్ తీసుకున్నాను. తొమ్మిది గంటల స్వింగ్‌తో అది 74 గజాలు పడుతోంది, నిండు స్వింగ్ ఇంకా కొలవలేదు.

ఇప్పుడు కొత్త సమస్య. బంతి సరిగా తగలడం మొదలయ్యాక, 9వ నంబరు, పిచింగ్ వెడ్జ్ రెండూ ఎడమకు పోతున్నాయి. వంపు తిరగకుండా, తిన్నగానే, నాలుగైదు గజాలు ఎడమకు. 5వ నంబరు ఐరన్ మాత్రం సూటిగా వెళుతోంది. నేను కుడిచేతి వాటం ఆటగాడిని.

పాతబ్యాగు:

పదమూడు నుంచి ఆరుకు రావడం మూడు వారాల్లో చాలా మంచి ఫలితం. ఎడమకు పోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ముందు తేలికైనది చూడండి: షాఫ్ట్ పొట్టిగా ఉండి బంతికి దగ్గరగా నిలబడినప్పుడు భుజాలు తెలియకుండానే ఎడమకు తెరుచుకుంటాయి. బంతికి ముందు, లక్ష్యం దిశలో ఒక కర్ర పడేసి దానికి సమాంతరంగా భుజాలు ఉన్నాయేమో ఎవరిచేతనైనా చూడమనండి.

అది సరిగా ఉంటే అనుమానం లై కోణం (షాఫ్ట్‌కూ నేలకూ నడుమ కోణం) మీదికి పోతుంది. తగిలే క్షణంలో క్లబ్ కొన, అంటే షాఫ్ట్‌కు దూరపు చివర, పైకి లేచి ఉంటే ముఖం ఎడమకు చూస్తుంది. లాఫ్ట్ ఎంత ఎక్కువ ఉంటే ఈ ప్రభావం అంత ఎక్కువ, అందుకే మీ 5వ నంబరు ఐరన్‌లో అది బయటపడటం లేదు. మీ 44 డిగ్రీల వెడ్జ్‌లో లై రెండు డిగ్రీలు తప్పితే నూరు గజాలకు మూడు గజాలకు పైగా పక్కకు పోతుంది. పరీక్షకు పరికరాలేవీ అక్కరలేదు. మార్కర్ పెన్నుతో బంతి మీద నిలువు గీత ఒకటి గీసి, ఆ గీత క్లబ్ ముఖానికి ఎదురుగా ఉండేలా పెట్టి కొట్టండి. ముఖం మీద సిరా అచ్చు పడుతుంది. అచ్చు గాడులకు నిట్టనిలువుగా ఉంటే లై సరిపోయినట్లే. పై కొస క్లబ్ కొన వైపు వాలితే, కొన పైకి లేచి తగులుతోందని అర్థం.

మూడోషాట్:

ఈ ఉదయం చేసి చూశాను. భుజాలు సరిగానే ఉన్నాయని పక్కన ఉన్నాయన చెప్పారు. ఆరు బంతుల్లో ఐదింటి అచ్చు కొన వైపే వాలింది, ఆరోది తుడుచుకుపోయి స్పష్టంగా కనిపించలేదు. క్లబ్‌లు సరిచేసే వారి దగ్గరకు వెళ్లేముందు ఒక్క సందేహం: వంచితే క్లబ్ పాడవుతుందా?

ఇసుకగుంట:

ఫోర్జ్ చేసిన (లోహాన్ని కొట్టి మలచిన) ఐరన్ అయితే ఒకటి రెండు డిగ్రీలు నిశ్చింతగా వంచవచ్చు. పోత పోసినదైతే లోహం గట్టిగా ఉండి విరిగే అవకాశం కొంత ఉంటుంది కనుక, మీ క్లబ్‌లు ఏ రకమో ముందే చెప్పి, చేయగలమంటేనే ఇవ్వండి. వెడ్జ్ ఒక్కటే ఇచ్చి రాకండి, 8, 9 నంబర్లను కూడా అచ్చు పరీక్ష చేసి తీసుకెళ్లండి. ఒకే సెట్టులో కూడా లై కోణాలు ఒకదానికొకటి తేడాగా ఉండటం నేను చూశాను.